క్లినిక్ వరండాలో విశాఖపట్నం

రిటైరయ్యేదాకా నేను చేసిన ఉద్యోగాన్ని వాటర్ క్లర్కు అంటారు. పెళ్లిచూపులనాడు ఈ పేరు విని మా మామగారు నాది మునిసిపాలిటీ కుళాయిల దగ్గర పని అనుకున్నారు. వేసవిలో కూతురికి నీళ్ల ఇబ్బంది ఉండదన్న ధైర్యంతో పిల్లనిచ్చారు. అసలు సంగతి తెలిసేసరికి ముహూర్తం దాటిపోయింది.

మాది ఓడల ఏజెన్సీ. రేవులోకి వచ్చిన ఓడకి యజమాని ఏ దేశంలోనో ఉంటాడు. ఇక్కడ దానికి కావలసినవన్నీ చూడాల్సింది మేం. కెప్టెన్‌కి కాగితాలు, వంటవాడికి కూరగాయలు, పన్ను సలిపే నావికుడికి డాక్టరు, ఇంటికి ఫోను చేసుకోవాలని తహతహలాడే కుర్రాళ్లకి సిమ్ కార్డులు. ఓడకీ ఊరికీ మధ్య తిరుగుతుండే మనిషే వాటర్ క్లర్కు. గోదావరి జిల్లా నుంచి మీసాలు సరిగా రాని వయసులో విశాఖపట్నం వచ్చి, ఓడల నిచ్చెనలు ఎక్కుతూ దిగుతూ తల నెరిపించుకున్నాను.

ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలు కలిసినప్పుడు, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఒకటి చెప్పండి అంటారు. తుఫానులో ఓడ కొట్టుకుపోవడమో, దొంగ సరుకు దొరకడమో చెబుతానని చెవులు రిక్కిస్తారు. నేనేమో బొమ్మలామె సంగతి మొదలుపెడతాను. మొదట్లో కాస్త నిరాశపడతారు గానీ, ఆఖరిదాకా లేచిపోయినవాళ్లు లేరు.

అప్పటికి నా రిటైర్మెంటు దగ్గరపడింది. ఒక సరుకుల ఓడ ఇంజను చెడి మా రేవులో ఆగిపోయింది. కావలసిన భాగం బయటి దేశం నుంచి రావాలి. సరుకుల ఓడల్లో కూడా అప్పుడప్పుడూ ఒకరిద్దరు ప్రయాణికులు ఉంటారని చాలామందికి తెలియదు. ఈ ఓడలో ఒకే ఒక్కావిడ ఉంది. పోర్చుగల్ దేశస్థురాలు, డెబ్బై దాటిన మనిషి, చిత్రకారిణి.

మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. నువ్వు వాటర్ క్లర్కువి, ఆవిడ వాటర్ కలర్లు వేస్తుందట, దేవుడే జత కలిపాడు అని తనలో తనే నవ్వుకున్నాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, ఓడ కదిలేదాకా ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉండాలనీ, ఆవిడకి ఏమన్నా అయితే ఆ కంపెనీ మళ్లీ మన గుమ్మం తొక్కదనీ చెప్పాడు. ఆయన మంచివాడే గానీ భయస్తుడు. వాన కబురు వింటే గొడుగు, గొడుగు కనిపిస్తే జలుబు గుర్తొచ్చే రకం.

నాతోపాటు మా ఆఫీసు కారు డ్రైవర్నిచ్చాడు. అతనిది విజయనగరం దగ్గర పల్లె. రైతు కుటుంబం. ఇప్పటికీ ఊడ్పులకి సెలవు పెట్టి వెళ్లొచ్చేవాడు. ఇద్దరం ఎన్నో ఏళ్లు కలిసి పనిచేశాం. నన్ను బావా అని పిలిచేవాడు. నన్నే కాదు, సిగ్నల్ దగ్గర తిట్టుకున్నవాణ్ణి కూడా మూడో మాటకల్లా బావ అనేవాడు.

ఆవిడ ఓడ నిచ్చెన దిగి రావడం నాకింకా కళ్లకి కట్టినట్టే ఉంది. పొట్టి మనిషి, మగవాడిలా కత్తిరించుకున్న తెల్లజుట్టు, పెద్ద టోపీ, ఒక చేతిలో మడత స్టూలు, భుజానికి గుడ్డసంచి. ఆ సంచిలో అట్టల మధ్య కాగితాలు. రేవు నుంచి రేవుకి సరుకుల ఓడల్లో తిరుగుతూ, ఆగిన ప్రతి ఊరినీ బొమ్మలుగా గీయడం ఆవిడ పని. అవన్నీ కలిపి పుస్తకం వేస్తున్నారట. మిగతా ఊళ్లన్నీ అయిపోయాయి. ఆఖరి ఊరు వేరే ఏదో ఉండాల్సింది, ఇంజను చెడిపోయిన పుణ్యమా అని ఆ చోటు మన విశాఖకి దక్కింది. ఇదే తన చివరి ప్రయాణం అని కూడా చెప్పింది. మోకాళ్లు మాట వినడం లేదనీ, ఇంకొంచెం వయసు మీదపడితే సరుకుల ఓడల వాళ్లు ఎక్కించుకోరనీ. బాధగా చెప్పలేదు. సెలవులు అయిపోతున్నాయని పిల్లలు చెప్పినట్టు చెప్పింది.

ఏమేం చూపించాలో మా మేనేజరు ముందే చెప్పి పంపాడు. బీచి రోడ్డు, కైలాసగిరి, సింహాచలం. అన్నీ తిప్పాం. ఆవిడ మర్యాదగా తలూపింది తప్ప సంచి విప్పలేదు. సాయంత్రం తిరిగొస్తూ, ఇంట్లో పసుపు తెమ్మన్నారని డ్రైవరు పూర్ణా మార్కెట్ దగ్గర కారాపాడు. అతను కొట్లోకి వెళ్లి వచ్చేసరికి ఆవిడ రోడ్డు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. బస్తాలు మోసేవాళ్లు ఆవిణ్ణి తప్పుకుంటూ పోతున్నారు. అంతే, ఆ తర్వాత కైలాసగిరి ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఒకరోజు పూర్ణా మార్కెట్, ఒకరోజు పాత ఊరి సందులు, ఒకరోజు కొండవాలు మీద మెట్లు మెట్లుగా కట్టుకున్న ఇళ్లు, ఎక్కువ రోజులు జాలరిపేట. ఆవిడ గీస్తూ ఉంటే నేను గొడుగు పట్టుకునేవాణ్ణి. మన సముద్రపు గాలికి రంగులు ఒక పట్టాన ఆరవు. ఆ ఉప్పుతేమకి కాగితం మెత్తబడి, పక్క రంగు ఈ రంగులోకి పాకేది. దానికి డ్రైవరు ఉపాయం కనిపెట్టాడు. బొమ్మ అవగానే కారులోకి తీసుకెళ్లి, ఏసీ గాలి వచ్చే చోట రెండు చేతులతో పట్టుకుని, పసిపిల్లకి సాంబ్రాణి పొగ వేసినట్టు అటూ ఇటూ తిప్పుతూ ఆరబెట్టేవాడు. అలా ఆ సంచికి తనే కాపలాదారు అయిపోయాడు. భోజనానికి వెళ్లినా భుజానే ఉండేది. ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు, నన్ను కూడా.

ఆ బొమ్మలు చాలా బాగుండేవి. చెప్పొచ్చేదేమిటంటే, వాటిలో మనుషులు ఆవగింజల్లా ఉండేవారు. గోడలు, నీడలు, తాడు మీద ఆరేసిన చీరలు, ఆకాశం, వీటన్నిటి మధ్య ఎక్కడో ఒక చుక్క. పసుపు కొట్టు షావుకారు వచ్చి తన వీధి బొమ్మని చాలాసేపు వెతుక్కుని, అందులో నేనెక్కడున్నానని నన్ను అడిగాడు. ఒక పచ్చటి చుక్కని చూపించాను. మర్యాదస్తుడు, బాగుంది అని వెళ్లిపోయాడు.

జాలరిపేటలో చేపలమ్మే ఒకామె మాత్రం అలా ఊరుకునే రకం కాదు. గట్టి మనిషి. గంప నెత్తిన పెట్టుకుని పోతున్న తనని ఆవిడ వెనకనుంచి గీసింది. ఆమె బొమ్మ చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని నాతో అంది.

“మొకం నేకుండా గీత్తే మా ఆయనయినా పోల్చుకోగలడేటి?”

ఇది ఇంగ్లీషులో చెప్పమంది. చెప్పాను. బొమ్మలామె నవ్వి, తను మనుషుల ముఖాలు గీయననీ, చదువుకునే రోజుల్లో మానేశాననీ, తన పని ఊళ్లు గీయడమనీ చెప్పింది. నేను తిరిగి ఆ మాట చెబితే చేపలామె మూతి తిప్పుకుంది. కానీ ఇద్దరికీ ఎక్కడో కుదిరింది. మర్నాటి నుంచి ఈవిడ కూర్చునే చోట ఇసుక చదును చేసి ఉండేది.

ఇంజను భాగం వచ్చిందని కబురు తెలిసిన రోజున, చేపలామె తన తమ్ముడి పడవలో బొమ్మలామెని కాస్త లోపలికి తిప్పుతానని పిలిచింది. నేను వద్దన్నాను. బొమ్మలామె ఎగిరి గంతేసినంత పని చేసింది. డ్రైవరు సంచి కారులో వదిలేస్తే ఎవరన్నా కొట్టేస్తారని భుజాన వేసుకునే పడవెక్కాడు. నేనూ ఎక్కాను. ఒడ్డున కెరటాలు దాటించే చోట, మన వాళ్లు రోజూ నిద్రలో కూడా దాటించే చోట, ఒక కెరటం అడ్డంగా వచ్చింది. పడవ బోర్లా పడలేదు, పక్కకి ఒరిగింది. మొలలోతు నీళ్లే. అందరం పడ్డాం, అందరం లేచాం. బొమ్మలామె లేవబోయి మళ్లీ కూర్చుండిపోయింది. కాలు మడతపడింది.

డ్రైవరు అందరికంటే ముందు ఆవిణ్ణే పట్టుకున్నాడు. రెండు చేతులా ఎత్తి ఒడ్డుకి మోసుకొచ్చాడు. ఇసుకలో కూర్చోబెట్టాక భుజం తడుముకున్నాడు. సంచి లేదు. చేపలామె తమ్ముడు ఈదుకుంటూ వెళ్లి పట్టుకొచ్చేసరికి అందులోంచి రంగునీళ్లు కారుతున్నాయి.

సీతమ్మధారలో మా ఏజెన్సీ నావికుల్ని తీసుకెళ్లే క్లినిక్ ఒకటి ఉంది. పాతకాలపు డాబా ఇల్లు, ముందు పొడుగాటి వరండా, అందులో రోగులకి బెంచీలు. డాక్టరమ్మ ఎక్సరే తీసి, ఎముక విరగలేదు, బెణికింది, రేపంతా కాలు కింద పెట్టకూడదు, ఇక్కడే ఉండాలి అంది. ఓడ ఎల్లుండి కదులుతుందని అదే సాయంత్రం ఖాయమైంది.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి బొమ్మలామె వరండాలో చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. కాలు స్టూలు మీద. కింద నేలంతా తడి కాగితాలు పరిచి ఉన్నాయి. పూర్ణా మార్కెట్ ఎక్కడో, జాలరిపేట ఎక్కడో పోల్చలేం. అన్నీ ఒకే నీలంబూడిద రంగులోకి కరిగిపోయాయి. కొన్నిటి మీద పెన్సిలు గీత మాత్రం మిగిలింది. ఆవిడ ఏడవలేదు. నాకు టీ ఇప్పించమని అడిగింది. తాగి, ఈ ఊరు లేకుండానే పుస్తకం వస్తుందిలే అంది. నేను ఖాళీ కప్పు తీసుకుని లేచాను.

డ్రైవరు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తిండి ముట్టలేదని ఆయా చెప్పింది. ఆవిణ్ణి మోసుకొచ్చింది నువ్వే కదా, సంచిదేముంది అన్నాను. నా వైపు చూడకుండా లేచి, ఇప్పుడే వస్తానని కారు తీసుకుని వెళ్లిపోయాడు. ఆఫీసు కారు, ఎక్కడికో చెప్పలేదు. మేనేజరు ఫోను చేస్తే పెట్రోలు పోయించడానికి వెళ్లాడని చెప్పి నెట్టుకొచ్చాను.

రోగుల రద్దీ మొదలయ్యే వేళకి కారు తిరిగొచ్చింది. ముందు సీట్లోంచి పసుపు కొట్టు షావుకారు దిగాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, చంకలో చిన్న పసుపు బస్తా. మంచి బేరాల వేళ కొట్టు కొడుక్కి అప్పగించి వచ్చాడు. వెనక సీట్లోంచి చేపలామె దిగింది. గంపతో సహా, గంపలో చేపలతో సహా.

డ్రైవరు నా దగ్గరికి వచ్చి మెల్లిగా చెప్పాడు.

“ఆవిడింక ఊళ్లోకి ఎల్లనేదు కదా బావా. అందుకే ఊరినే తెచ్చినాను. గీయమని సెప్పు.”

నేను చెప్పాను. బొమ్మలామె అడ్డంగా తలూపింది. తనకి ముఖాలు గీయడం రాదనీ, ఎన్నో ఏళ్లయిందనీ, వీళ్లని అనవసరంగా శ్రమ పెట్టామనీ అంది. షావుకారుకి ఇంగ్లీషు రాదు. ఆవిడ తన కోసమే ఏర్పాట్లు చేస్తోందనుకుని బస్తా నేలమీద దింపి, దాని పక్కన స్టూలు మీద కూర్చుని, కండువా సర్దుకుని, ఊపిరి బిగబట్టాడు. ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు. ఎంతసేపటికీ ఊపిరి వదలడు. ఆవిడ ఆయన్ని చూసింది. ఇంక గీయక తప్పదనుకుందో, ఆయన ప్రాణం పోతుందనుకుందో, ఓడలో తన గదిలో ఉన్న ఖాళీ కాగితాలు తెప్పించమంది. రంగుల డబ్బా రేకుది కాబట్టి బతికే ఉంది.

మొదటి బొమ్మ బాగా రాలేదు. షావుకారు ఎవరో మేనమామలా వచ్చాడు. రెండోది ఫర్వాలేదు. మూడో కాగితం మీద ఆవిడ చెయ్యి దారిలో పడింది. ముఖం అయ్యాక వెనకాల ఏం గీయాలని అడిగింది. ఆయన వెనక ఉన్నది క్లినిక్ గోడ, దాని మీద బి.పి. గురించి హెచ్చరిక. నీ కొట్టు ఎలా ఉంటుందో చెప్పమంది.

షావుకారు చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఇంగ్లీషులో పెడుతున్నాను. తలుపులు ఎన్ని రెక్కలవి, గుమ్మం ఎంత ఎత్తు, తక్కెడ ఎక్కడ వేలాడుతుంది. ఆ తర్వాత పైన చెక్క బాల్కనీ ఉందన్నాడు. దానికి లక్కపిడతల్లా చెక్కిన స్తంభాలట. వాళ్ల నాన్న సాయంత్రాలు అందులో కూర్చుని వీధిలో అందర్నీ పలకరించేవాడట. చేతులు గాల్లో తిప్పుతూ స్తంభాల వంపులు చూపించాడు.

నేను ఇంగ్లీషులో పెట్టడం ఆపాను. ఆ బాల్కనీ అంతకు కొన్నేళ్ల ముందు వచ్చిన పెద్ద తుఫానుకి కూలిపోయింది. దాని చోట రేకు షెడ్డు ఉంది. ఆ కొట్టు ముందు నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను కదా. ఆవిడ గీసేది కథల పుస్తకం కాదు, ఉన్న ఊళ్లని ఉన్నట్టు చూపించే పుస్తకం. రేపు అది అచ్చయి, ఎవరో చూసి, అక్కడ అలాంటిదేమీ లేదంటే పరువు పోయేది ఆవిడదే. నేను డ్రైవరు వైపు తిరిగి, ఇది లేదు కదా, ఎలా చెప్పను అని గొణిగాను.

“ఆయన సెప్పినాడు, నువ్వు సెప్పు. మద్దిన నీకేటి?” అన్నాడు.

ముప్పై ఏళ్లకి పైగా కెప్టెన్ల మాటలు కస్టమ్స్ వాళ్లకీ, కస్టమ్స్ వాళ్ల మాటలు కెప్టెన్లకీ చేరవేసినవాణ్ణి. ఇద్దరి మధ్య ఉన్నవాడు తనది ఒక్క మాట కలిపినా ఓడ ఆగిపోతుందని నేర్చుకున్నవాణ్ణి. సరే, కలపలేదు. బాల్కనీ ఉందని చెప్పాను. స్తంభాలతో సహా.

ఆ తర్వాత చేపలామె వంతు. అప్పటికి వరండాలో రోగులందరూ బెంచీలు ఇటు తిప్పుకున్నారు. షుగర్ పరీక్షకి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు జాలరిపేటలో కొన్నాళ్లు ఉన్నారట, అక్కడి దీపస్తంభం ఏ వైపు ఒరిగి ఉంటుందో చెప్పారు. ఆ వైపు కాదని, ఇంకో వైపని, మోకాళ్ల నొప్పులకి వచ్చిన ఒకావిడ వాదించింది. చివరికి డాక్టరమ్మ బయటికి వచ్చి, చేపలు గేటు బయట పెట్టమనీ, నంబరు పిలిస్తే లోపలికి రమ్మనీ గట్టిగా చెప్పి, వెళ్లబోతూ బొమ్మలామె దగ్గర ఆగి, దీపస్తంభం నిజానికి నిటారుగానే ఉంటుందని తన అభిప్రాయం కూడా చెప్పి వెళ్లింది.

చేపలామె కూర్చోలేదు. తనని కాదు, తన మొగుణ్ణి గీయమంది. ఆయన్ని పడవలో నిలబెట్టి గీయమంది. ఆ పడవ కూడా అదే తుఫానుకి ముక్కలైంది. మళ్లీ పడవ కొనే తాహతు లేక ఆయన ఇదే సీతమ్మధారలో, క్లినిక్ పక్క సందులో, ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా చేరాడు. ఆమె గేటు దాకా వెళ్లి, డ్యూటీలో ఉన్నవాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. నీలం యూనిఫాం, నెత్తిన టోపీ, మెడలో విజిల్. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. వరండాలో అంతమంది కళ్లు తన మీద పడేసరికి కుంచించుకుపోయాడు.

“నాకొద్దు. గేటుకాడ ఎవులూ నేరు,” అని వెనక్కి తిరిగాడు.

“గేటెక్కడికీ పోదు. నిలబడు,” అంది ఆమె.

నిలబడ్డాడు. నిలబడమంటే గేటు దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, ఎవరికైనా సలాం చేయడానికి సిద్ధంగా. బొమ్మలామె కుంచె పట్టుకుని చూస్తోంది తప్ప కాగితం మీద పెట్టడం లేదు. నాతో అంది, ఈయన పడవలో లేడు, ఈయన్ని పడవలో ఎలా పెట్టను అని. నేను ఈ మాట తెలుగులో చెప్పాలా వద్దా అని సందేహిస్తుంటే, డ్రైవరు లోపలికి వెళ్లి సెలైన్ సీసా తగిలించే ఇనప స్టాండు ఎత్తుకొచ్చాడు. తెడ్డనుకో బావా అని ఆయన చేతిలో పెట్టాడు.

ఆయన దాన్ని కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత చేతిలో బరువు చూసుకున్నాడు. ఒక చెయ్యి పైకీ ఒక చెయ్యి కిందకీ జరిగింది. టోపీ తీసి బెంచీ మీద పెట్టాడు. కాళ్లు ఎడం చేశాడు. మోకాళ్లు కొంచెం వంగాయి, వీపు సాగింది, మెడ పైకి లేచింది. ఆ క్లినిక్ వరండా గచ్చు కింద నీళ్లున్నట్టు ఆయన ఒళ్లు మెల్లిగా అటూ ఇటూ ఊగుతోంది. కళ్లు ఎదురుగా ఉన్న మందుల షాపుని దాటి ఎక్కడో ఉన్నాయి. బెంచీల మీద దగ్గులు కూడా ఆగిపోయాయి. బొమ్మలామె గబగబా గీస్తోంది. అన్ని రోజుల్లో ఆవిడ అంత వేగంగా గీయడం నేను చూడలేదు.

చేపలామె మొగుడి వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి ముక్కు చీదుకుని, వాసన మందులది అంది.

బొమ్మ ఆరకముందే ఆమె దాన్ని అందుకుంది. పుస్తకానికి కావాలి, ఇవ్వమని నేను బతిమాలాను. పరాయి దేశం పంపడానికి పెళ్లి చేసుకోలేదు, ఇచ్చేది లేదంది. ఉన్నదున్నట్టు అనువదించాను. బొమ్మలామె పడీపడీ నవ్వి, ఫోనుతో దానికి ఫొటో తీసుకుని, బొమ్మని ఆమెకే ఇచ్చేసింది.

ఇదంతా ఎవరో చెప్పగా మా మేనేజరు మధ్యాహ్నం ఆటోలో వచ్చిపడ్డాడు. ప్రయాణికురాలు విశ్రాంతి తీసుకోవాలి, ఇదేం తిరనాళ్లు, కారు ఏది, మీరంతా ఎవరు అని ఒక్క గుక్కలో అడిగాడు. బొమ్మలామె ఆయన్ని చూసి, మీరు కూడా బెంచీ మీద కూర్చోండి, మీ వంతు వస్తుంది అంది. ప్రయాణికురాలి మాట కాదనకూడదని ఆయనే మాకు నేర్పాడు. కూర్చున్నాడు. ఆయన వంతు వచ్చేసరికి కోపం చల్లారింది. అన్నీ అయ్యాక నన్ను దగ్గరికి పిలిచి చెవిలో ఒక మాట చెప్పాడు. నేను దాన్ని వీలైనంత గంభీరంగా ఇంగ్లీషులోకి మార్చాను. ఆ బొమ్మలో మా మేనేజరుకి నుదుటి మీదకి పడే ఒత్తయిన జుట్టుంటుంది.

ఎండ తగ్గి, రోగులు వెళ్లిపోయి, ఆయా వరండా కడగడానికి బకెట్టు తెచ్చుకునేసరికి డ్రైవరు ఒక్కడే మిగిలాడు. పొద్దుటి నుంచీ మనుషుల్ని తేవడం, దింపడం తప్ప తనకోసం ఏమీ అడగలేదు. బొమ్మలామె కుర్చీ చూపించి కూర్చోమంది. వద్దన్నాడు. మళ్లీ చూపించింది. కూర్చున్నాక, వెనకాల ఏం గీయమంటావని ఆవిడ అడిగితే చాలాసేపు ఆలోచించాడు. ఊళ్లో పొలమంటాడనుకున్నాను.

“సంద్రంలో పడ్డాక కూడా సంచి నా బుజానే ఉన్నట్టు గీయమను బావా. తడవనట్టు,” అన్నాడు.

ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కొత్త కాగితం తీసుకుంది. గీసింది. మొలలోతు నీళ్లలో నిలబడి, పెద్ద కెరటం ముందు, సంచిని రెండు చేతులతో నెత్తిన పెట్టుకుని నవ్వుతున్న మనిషి. దాని కింద వాళ్ల భాషలో ఏదో రాసి ఇచ్చింది. అర్థమేమిటని అడిగితే, “ముందు నన్ను ఎత్తినవాడు” అని చెప్పింది. అతను ఆ కాగితాన్ని కారులోకి తీసుకెళ్లి ఏసీ గాలికి పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటిదాకా రాలేదు. అప్పుడు వెళ్లి అన్నం తిన్నాడు.

నేను ఉండబట్టలేక ఆవిడతో బాల్కనీ సంగతి ఎత్తాను. మీ పుస్తకానికి మాట వస్తుందేమోనన్నాను.

“ఆ కొట్టుని నేను ఇంతకుముందే గీశాను కదా, రేకు షెడ్డుతో సహా. దాన్ని సముద్రం తీసుకుంది,” అంది. “ఆయన చేతులు చూశావా? స్తంభాల వంపు ఒక్కసారి కూడా తప్పు చూపించలేదు.”

మర్నాడు ఓడ ఎక్కించడం ఒక ప్రహసనం. బెణికిన కాలితో నిచ్చెన ఎక్కలేదు. మనుషుల్ని ఎత్తే వల బుట్టలో కూర్చోబెట్టి ఓడ క్రేనుతో పైకి లేపారు. మా మేనేజరు కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నాడు. ఆవిడ మాత్రం ఉయ్యాల ఎక్కిన పిల్లలా టోపీ ఊపుతూ గాల్లోకి లేచింది. క్రేను నడిపే నావికుడికి ఏం తోచిందో, అందరికంటే ఎత్తున ఒక నిమిషం అలా ఆపాడు. ఆవిడ ఊరి వైపు తిరిగి చూసింది.

పుస్తకం మా ఆఫీసుకే వచ్చింది. అందులో మిగతా ఊళ్లన్నీ గోడలూ, నీడలూ, ఆవగింజల్లాంటి మనుషులూ. ఆఖరి ఊరు తెరిస్తే ముఖాలు. ముఖాల వెనకాల, కొంత ఉన్నదీ కొంత లేనిదీ కలిసిన విశాఖపట్నం. షావుకారు ఆ పేజీ వడ్రంగికి చూపించి బాల్కనీ కట్టించడం మొదలుపెట్టాడు. స్తంభాలు బొమ్మలో ఉన్నంత బాగా రాలేదని ఇప్పటికీ వడ్రంగితో పేచీ నడుస్తోంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే. ఇద్దరి మధ్య నిలబడి మాట చేరవేసేటప్పుడు, అవతలివాడు అబద్ధమాడుతున్నాడని తొందరపడి తేల్చేయకండి. కస్టమ్స్ వాళ్ల దగ్గర మాత్రం ఈ సలహా వాడకండి.

రిటైరయ్యాక ఒక ఆదివారం చేపల కోసం జాలరిపేట వెళ్లాను. చేపలామె నన్ను దూరం నుంచే చూసి, గంప దింపి, నడుం మీద చెయ్యి వేసుకుంది. పలకరింపు లేదు, తిట్లు అందుకుంది. బొమ్మ ఇంట్లో గోడకి పెట్టినప్పటి నుంచి ఆయనకి పిచ్చి పట్టిందట. రోజూ డ్యూటీ దిగొచ్చి దాని ముందు కూర్చునేవాడట. చివరికి ఎవరికీ చెప్పకుండా బావమరిదిని ఒప్పించుకుని, సెలవు దొరికిన ఆదివారమల్లా పడవెక్కుతున్నాడట. తెల్లవారకముందే పోతే మళ్లీ సాయంత్రానికే. ఇంట్లో ఒక్క పనికీ అందడట. ఇదంతా నా ఇంగ్లీషు వల్లనేనట.

నేను నవ్వు ఆపుకుంటూ, పడవలో నిలబెట్టి గీయమన్నది నువ్వే కదా అన్నాను. ఆమె అన్నిటికంటే పెద్ద చేపని తీసి నా సంచిలో పడేసి, సముద్రం వైపు చెయ్యెత్తి చూపించింది. దూరంగా చాలా పడవలున్నాయి. ఏది ఆయనదో నాకు తెలియలేదు గానీ, ఆమె చూపు ఒక్క పడవ మీదే ఉంది.

“బొమ్మలో ఎక్కించమన్నాను గానీ బాబూ, నిజింగా ఎక్కమన్నానేటి?”